రోగం నొప్పించదు, గోలీ నొప్పిస్తుంది



బీపీ పెరిగితే చాలామందికి ఏమీ తెలియదు. నొప్పి ఉండదు, ఆకలి మామూలే, నిద్ర మామూలే. కిడ్నీ జబ్బు కూడా దాదాపు అంతే. కిడ్నీల పని సగానికి పైగా పోయినా మనిషి తన దుకాణం తాను తెరుచుకుంటూనే ఉంటాడు, మెట్లు ఎక్కుతూ దిగుతూనే ఉంటాడు. అలాంటి మనిషి ఒకరోజు శాలిబండలోనో, లాల్‌దర్వాజాలోనో, మూసీ దాటి ఉస్మానియా దవాఖాన ఓపీ వరసలోనో నిలబడి పరీక్ష చేయించుకుంటాడు. క్రియాటినిన్ ఎక్కువుంది, బీపీ 170 ఉంది అంటారు. మూడు రకాల గోలీలు రాసిస్తారు. నెల తిరగకముందే పాదాలు వాస్తాయి, లేదంటే పొడి దగ్గు పట్టుకుంటుంది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. అప్పుడు ఆయన అనే మాట ఈ బస్తీల్లో ఎవరైనా విన్నదే: "గోలీలు వేసుకోకముందు మంచిగనే ఉన్న. వేసుకున్నకాన్నుంచే బీమారొచ్చింది."

ఈ మాటను మూర్ఖత్వం అని కొట్టిపారేయకండి. ఆయన చెప్పేది ఆయన శరీరానికి సంబంధించినంత వరకు నిజం. జబ్బు ఆయనను ఒక్కరోజు కూడా నొప్పించలేదు. నొప్పించింది మందే. అయితే ఇక్కడ మనకొక ప్రశ్న ఎదురవుతుంది. నొప్పించని దానికి భయపడి, నొప్పించే దాన్ని రోజూ చేత్తో నోట్లో వేసుకోవాలా? దాన్ని నోరు మూసుకుని భరించడమే క్షాంతి అంటారా? వదిలేయడమే తెలివా? బౌద్ధులం కాబట్టి దీన్ని ఆరోగ్య శాఖ కరపత్రంలా కాకుండా ధమ్మం వైపు నుంచి చూద్దాం. దవాఖాన సంగతులు కూడా మాట్లాడుకోక తప్పదు.

తథాగతుడు వేదనలు మూడని చెప్పాడు: సుఖం, దుఃఖం, రెండూ కానిది. వేదన నుంచి తృష్ణ పుడుతుందని కూడా చెప్పాడు. సుఖం తగిలితే ఇంకా కావాలనిపిస్తుంది, దుఃఖం తగిలితే పారిపోవాలనిపిస్తుంది. ఈ రెండో దాన్ని మనం తృష్ణగా గుర్తించం. మిఠాయి దుకాణం ముందు నోరూరడమే తృష్ణ అనుకుంటాం. గోలీ స్ట్రిప్పును అల్మారా వెనక్కి నెట్టేసే చెయ్యి కూడా తృష్ణతోనే కదులుతుంది. బీపీ విషయంలో చిక్కేమిటంటే, వేదన ఒక దిక్కు చూపిస్తుంది, ప్రమాదం ఇంకో దిక్కున ఉంటుంది. రక్తం ఒత్తిడి కిడ్నీలోని సన్నని వడపోత గుత్తులను లోపల్లోపల చెడగొడుతున్నప్పుడు అది మనకు సుఖమూ కాదు, దుఃఖమూ కాదు. ఒక్కో కిడ్నీలో ఆ గుత్తులు దాదాపు 10 లక్షలు. రెండూ కలిసి రోజుకు 180 లీటర్ల దాకా వడపోస్తాయి. ఒకసారి చచ్చిన గుత్తి మళ్లీ మొలవదు. అది చచ్చేటప్పుడు అరవదు కూడా. వేదననే గురువు చేసుకున్నవాడు ఇక్కడ మోసపోతాడు.

సరే, అయితే పళ్లు బిగబట్టి అన్నీ మింగడమేనా? కాదు. మందు పెట్టే బాధలన్నీ ఒక రకం కావు, వాటిని ఒకే సంచిలో వేయకూడదు. ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి.

ఆమ్లోడిపిన్ వేసుకునే వాళ్లలో కొందరికి సాయంత్రానికి మడమల దగ్గర వాపు వస్తుంది. కిడ్నీ మనిషికి కాళ్లు వాస్తే "అయిపోయింది, కిడ్నీలు నీళ్లు పట్టేశాయి" అని గుండె జారుతుంది. ఆ వాపు కిడ్నీ వల్ల కావచ్చు, గోలీ వల్ల కావచ్చు. రెంటికీ చికిత్స వేరు. బయటికి మాత్రం ఒకేలా కనిపిస్తాయి. ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి వాటితో కొందరికి పొడి దగ్గు వస్తుంది. దగ్గు మందు సీసాలు ఎన్ని తాగినా అది పోదు. డాక్టరుకు చెబితే టెల్మిసార్టన్, లోసార్టన్ లాంటి ఇంకో వరస మందులోకి మార్చవచ్చు. అదే వరస మందుతో పెదవులు, నాలుక, ముఖం వాచి ఊపిరి అందకపోతే మాత్రం ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే దవాఖానకు పరిగెత్తాలి. అది చాలా అరుదు, కానీ ప్రాణం మీదకు వచ్చేది. ఈ రెండు వరసల మందులూ రక్తంలో పొటాషియం పెంచగలవు. మొదలుపెట్టినప్పుడు క్రియాటినిన్ కూడా కొంచెం పెరగవచ్చు. వడపోత గుత్తి లోపలి ఒత్తిడిని ఇవి దించుతాయి కాబట్టి అలా జరుగుతుంది. నెలలోపు 30 శాతం దాకా పెరిగితే డాక్టర్లు సాధారణంగా మందు ఆపరు. ఈ సంగతి తెలియని మనిషి రిపోర్టు చూసి "చూశావా, గోలీ కిడ్నీని తినేస్తోంది" అని తీర్పు చెప్పేస్తాడు. మందు మొదలుపెట్టిన 2 నుంచి 4 వారాల్లో మళ్లీ రక్త పరీక్ష చేయమనేది అందుకే. ఆ పరీక్ష ఎగ్గొట్టకండి.

ఇంకొకటి, క్లోనిడిన్. నోరు ఎండిపోతుంది, మగతగా ఉంటుంది. విసుగొచ్చి ఒక్కసారిగా ఆపేస్తే బీపీ మునుపటి కంటే పైకి ఎగరవచ్చు. మెటోప్రొలాల్ లాంటి గుండె వేగం తగ్గించే మందులు కూడా ఉన్నపాటున ఆపేవి కావు.

ఒక పాము సంగతి చెప్పాలి. బ్రెజిల్ అడవుల్లో జరరాకా అనే విషసర్పం ఉంది. అది కాటేస్తే మనిషి బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. 1960లలో సెర్జియో ఫెరీరా అనే బ్రెజిల్ శాస్త్రవేత్త ఆ విషంలోని పదార్థాలను పరిశోధించాడు. ఆ దారిలోనే తర్వాత కాప్టోప్రిల్ తయారైంది, 1981లో అమెరికాలో వాడకానికి అనుమతి దొరికింది. ఈరోజు మన చేతిలో పేరు చివర "ప్రిల్" అని ఉన్న ప్రతి గోలీకి ఆ పాము దూరపు చుట్టం. మజ్ఝిమ నికాయంలో బుద్ధుడు చెప్పిన పాము ఉపమానం మీకు గుర్తుండే ఉంటుంది. పామును తోక దగ్గర పట్టినవాడిని అది తిరిగి కాటేస్తుంది. చీలిన కర్రతో అదిమి మెడ దగ్గర పట్టినవాడికి ఏమీ కాదు. ఆయన అది ధమ్మాన్ని తప్పుగా పట్టుకోవడం గురించి చెప్పాడు. మందును పట్టుకోవడానికి కూడా అది సరిపోతుంది. ఈ గోలీలు పాములే. చంపేయాల్సినవి కావు, పూజించాల్సినవీ కావు. వాటిని ఎలా పట్టుకుంటున్నామన్నదే చూసుకోవాలి.

పట్టు సరిగ్గా ఉండడం అంటే ఏమిటి? వినయ పిటకంలో ఒక చోట తథాగతుడు రోగి గురించి మాట్లాడాడు. విరేచనాల జబ్బుతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్న ఒక భిక్షువును ఆయన, ఆనందుడు కలిసి కడిగి, ఎత్తి పడుకోబెట్టిన తర్వాతి మాటలవి. ఈ కథ మనం చాలాసార్లు చెప్పుకుంటాం, సేవ చేసిన భాగం మాత్రమే చెప్పుకుని ఆపేస్తాం. ఆ తర్వాత ఆయన రోగికి కూడా బాధ్యతలు చెప్పాడు. సేవ చేయడానికి కష్టమైన రోగి లక్షణాలు ఐదు: తనకు హితమైనది చేయడు, హితమైన దాంట్లో కూడా మోతాదు తెలియదు, మందు వేసుకోడు, జబ్బు పెరిగిందో తగ్గిందో అలాగే ఉందో ఉన్నది ఉన్నట్టు చెప్పడు, బాధను ఓర్చుకోలేడు. ఓర్పు ఈ వరసలో చివర ఉంది. దానికి ముందే చెప్పుకోవడం ఉంది. ఓర్చుకునేవాడు నోరు మూసుకోవాలని ఆయన అనలేదు. ఉన్నదున్నట్టు చెప్పమన్నాడు, ఆ తర్వాత కూడా మిగిలే బాధను ఓర్చుకోమన్నాడు.

మనం దీన్ని తలకిందులు చేశాం. ఇంట్లో వాళ్ల ముందు మూలుగుతాం, డాక్టరు ముందు "అంతా బాగనే ఉంది సార్" అంటాం. ఆయన దగ్గర మనకు దొరికేది రెండు నిమిషాలు, వెనక యాభై మంది వరసలో ఉంటారు, ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఒకటి ఆలోచించండి. వారంలో నాలుగు రోజులే గోలీ వేసుకుని, "రోజూ వేసుకుంటున్నా" అని చెబితే డాక్టరు ఏం చేస్తాడు? మూడు మందులకు కూడా బీపీ దిగలేదనుకుని నాలుగోది కలుపుతాడు. తర్వాత ఎప్పుడో జ్వరానికి దవాఖానలో చేర్చుకుంటే, అక్కడి నర్సమ్మ చీటీలో ఉన్న నాలుగూ వేళకు వేయిస్తుంది. బీపీ పాతాళానికి పోతుంది, కిడ్నీలకు రక్తం అందదు. నాలుగో శీలం, అబద్ధమాడకుండా ఉండడం, ఎదుటివాడిని మోసగించకుండా ఉండడానికే అని మనం అనుకుంటాం. ఇక్కడ అబద్ధం ఆడినవాడి నడుముకే తగిలింది.

చెప్పుకోలేని బాధలు కూడా ఉన్నాయి. మగవాళ్లలో కొందరికి బీపీ మందులతో దాంపత్య సుఖం తగ్గుతుంది. కిడ్నీ జబ్బు వల్ల కూడా తగ్గుతుంది. సిగ్గుతో ఎవరికీ చెప్పకుండా గోలీలు మానేస్తారు. నీళ్లు తీసే గోలీ ఇంకో కథ. మదీనా నుంచి పత్తర్‌గట్టి దాకా దుకాణాల ముందు పొద్దంతా కూర్చుని గాజులో బట్టలో అమ్ముకునే ఆడమనిషిని తలచుకోండి. పొద్దున ఆ గోలీ వేసుకుంటే గంట గంటకూ లేవాలి. లేచి ఎక్కడికి పోవాలి? ఆమె ఆ గోలీ ఎగ్గొట్టడం మనోబలం లేక కాదు, మరుగుదొడ్డి లేక. దానికి ఆమెకు సహనం బోధించడం ధమ్మం కాదు. "ఈ గోలీ నేను ఇంటికెళ్లాక వేసుకోవచ్చా, వేళ మార్చవచ్చా" అని డాక్టరును అడిగే ధైర్యం ఇవ్వాలి. చాలాసార్లు వేళ మార్చవచ్చు. (బజారులో మరుగుదొడ్లు అడగడం కూడా ధమ్మ కార్యమే, కానీ అది వేరే పుస్తకం.)

మందును రోగికి తగ్గట్టు మార్చడం ఈనాటి వింత కాదు. బుద్ధుడికే ఒకసారి విరేచనం మందు అవసరమైంది. వైద్యుడు జీవకుడు గట్టి మందు ఇవ్వలేదు. ముందు కొన్నాళ్లు ఒంటికి నూనె పట్టించమన్నాడు, తర్వాత కలువ పూలకు మందు పట్టించి వాసన చూపించాడు. అదే జీవకుడు ఉజ్జయిని రాజు పజ్జోతుడికి పాండురోగం వస్తే ఇంకోలా చేయాల్సి వచ్చింది. రాజుకు నెయ్యి అంటే అసహ్యం. మందేమో నేతిలోనే కాచాలి. జీవకుడు ఆ నేతిని రంగు, వాసన, రుచి మారేలా కషాయంలా కాచి తాగించాడు. అరిగేటప్పుడు వాంతి అవుతుందని, రాజుకు కోపం వస్తుందని తెలిసి, ముందే భద్దవతిక అనే ఆడఏనుగునెక్కి ఊరు దాటేశాడు! రాజుకు వాంతయింది, కోపమొచ్చింది, వెంట మనిషిని పంపాడు, చివరికి జబ్బు నయమై మేలైన వస్త్రం కానుక పంపాడు. ఈ కథలో నవ్వు వెనక ఒక దుఃఖం ఉంది. నిజం చెబితే చంపే రోగి దగ్గర వైద్యుడు మందును దాచాల్సి వచ్చింది. మీరు పజ్జోతుడు కాకండి. మీకేది పడదో మీరు చెప్పండి, ఆయనేది ఇస్తున్నాడో చెప్పించుకోండి.

ఇప్పుడు డబ్బు సంగతి. పాతబస్తీలో ఎన్నో ఇళ్లలో తల్లులు రోజు విడిచి రోజు గోలీ వేసుకుంటారు. స్ట్రిప్పు రెండింతలు వస్తుంది, మిగిలిన డబ్బు పిల్లాడి ఫీజుకు పోతుంది. దీన్ని ఆమె త్యాగం అనుకుంటుంది, మనం కూడా అలాగే పొగుడుతాం. ఇది దానమా? సంయుక్త నికాయంలో వెదురు గడ మీద ఆడే ఇద్దరు దొమ్మరివాళ్ల కథ ఉంది. గురువు "నువ్వు నన్ను చూసుకో, నేను నిన్ను చూసుకుంటా" అంటాడు. శిష్యురాలు "అలా కాదు, ఎవరిని వాళ్లం కాపాడుకుందాం, అప్పుడే ఇద్దరం క్షేమంగా దిగుతాం" అంటుంది. బుద్ధుడు శిష్యురాలి మాట సరైనదన్నాడు. తనను కాపాడుకునేవాడు ఇతరులను కాపాడతాడు, ఇతరులను కాపాడేవాడు తననూ కాపాడుకుంటాడు అన్న అర్థంలో వివరించాడు. ఈ తల్లి గడ మీద ఉంది. ఆమె జారితే వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్. ఆరోగ్యశ్రీలో అది ఉచితమే కావచ్చు, కానీ ఆటో ఛార్జీలు, పోయిన కూలీ, తోడుగా కూర్చునే బిడ్డ చదువు ఉచితం కావు. బస్తీ దవాఖానలో బీపీ గోలీలు డబ్బు తీసుకోకుండా ఇస్తారు, జనౌషధి దుకాణంలో తక్కువ ధరకు దొరుకుతాయి. అక్కడికి పోవడం బిచ్చం కాదు. మన నేల మీదే, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద, అశోకుడు మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని చెక్కించాడు. కులీ కుతుబ్ షా ఊరు కట్టించిన నాలుగేళ్లకే, 1595లో, దారుల్‌షిఫా కట్టించాడు. ఆ పేరుకే స్వస్థత ఇచ్చే ఇల్లు అని అర్థం. మందు రాజ్యం నుంచి రావలసిన హక్కు అన్న ఆలోచన ఈ ఊరికి దాని పునాది అంత పాతది.

"ఎన్ని చేసినా ఇది పూర్వజన్మ కర్మ, అనుభవించాల్సిందే" అనే మాట కూడా మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. బౌద్ధుల నోటి నుంచి కూడా వింటుంటాం కాబట్టి సూటిగా చెప్పాలి. మోళియ సీవకుడు అనే పరివ్రాజకుడు బుద్ధుడిని ఇదే అడిగాడు: మనిషి అనుభవించే ప్రతి వేదనా వెనకటి కర్మ ఫలమేనా? కాదన్నాడు తథాగతుడు. పిత్తం, కఫం, వాతం, అవి కలగలవడం, రుతువుల మార్పు, ఒంటిని సరిగ్గా చూసుకోకపోవడం, బయటి దెబ్బలు, ఇవన్నీ చెప్పి, కర్మను ఎనిమిదింటిలో ఒకటిగా మాత్రమే చేర్చాడు. అంతా కర్మే అనేవాళ్లు కళ్లెదుట ఉన్నదాన్ని దాటిపోతున్నారన్నాడు. శ్రీకాకుళం ఉద్దానం వైపు చూడండి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసేవాళ్లు ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బుతో పోతున్నారు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. ఒక్క ప్రాంతంలో పుట్టిన కూలీలందరూ కూడబలుక్కుని ఒకే పాపం చేసి వచ్చారని నమ్మడం కంటే, నీళ్లను, నేలను, ఎండలో పనిని పరీక్షించడం ధమ్మానికి దగ్గర. కర్మ అని ఊరుకుని ఉంటే పలాసలో 2023లో కిడ్నీ పరిశోధన ఆసుపత్రి వచ్చేది కాదు.

హితమైనది తెలుసుకోవడం, మోతాదు తెలుసుకోవడం అన్నాం కదా. ఒళ్లు నొప్పులకు మెడికల్ షాపులో అడిగి వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ కిడ్నీకి చెరుపు, బీపీ మందులతో కలిస్తే మరీ చెరుపు. బీపీకి మంచిదని అమ్మే "తక్కువ సోడియం" ఉప్పులో పొటాషియం ఉంటుంది, కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టకూడదు. సైంధవ లవణం కూడా ఉప్పే. రోజుకు 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచా, అని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. ఆవకాయ, అప్పడం, హలీం అన్నీ ఆ చెంచాలోనే లెక్క. అతిగా తిని ఆయాసపడే పసేనది రాజుకు బుద్ధుడు ఉపవాసం చెప్పలేదు, మోతాదు ఎరిగి తినమన్నాడు. రాజు ఆ మాటను భోజనం వేళ తనకు గుర్తు చేయమని ఒక కుర్రాడిని పెట్టుకున్నాడు. మీ ఇంట్లో అలాంటి కుర్రాడు లేదా అమ్మాయి ఉంటే ఆ ఉద్యోగం ఇవ్వండి.

మోతాదు అంటే ఎప్పుడూ గుడ్డిగా వేసుకోవడం కూడా కాదు. వాంతులు, విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీళ్లు పోయినప్పుడు కొన్ని బీపీ మందులు, నీళ్లు తీసే గోలీ కొద్దిరోజులు ఆపాల్సి రావచ్చు. ఏవి, ఎన్ని రోజులు అన్నది జబ్బు పడకముందే డాక్టరుతో చీటీ మీద రాయించుకోండి. డయాలసిస్ ఉన్న రోజు పొద్దుటి గోలీ సంగతి కూడా అలాగే. రంజాన్‌లో ఉపవాసముండే పొరుగింటి చాచా కిడ్నీ రోగి అయితే, సెహ్రీకి గోలీలు ఎలా సర్దుకోవాలో ముందే అడగమని చెప్పండి. రోగులకు వాళ్ల దీన్‌లోనే సడలింపు ఉంది, అది ఆయనకు మీకంటే బాగా తెలుసు. మొహమాటం వదిలించడం వరకే మీ పని.

ఇవన్నీ చేశాక కూడా కొంత బాధ మిగులుతుంది. మందు మార్చినా కొంచెం మగత ఉంటుంది, మెట్ల దగ్గర ఆగాల్సి వస్తుంది. బుద్ధుడు చెప్పిన రెండు బాణాల్లో మొదటిది ఇది. "నా బతుకు గోలీల బతుకైపోయింది, నేను ఎవరికీ పనికిరాను" అన్నది రెండోది, అది మనం వేసుకునేది. కాళ్ల వాపును వాపుగా చూడడం, తలతిప్పును తలతిప్పుగా చూడడం, అది ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు తగ్గింది అని గమనించడం సతిపట్ఠాన సాధన. ఆ గమనించినదాన్నే తారీకుతో ఒక నోటుబుక్కులో రాస్తే డాక్టరుకు కావలసిన సమాచారం. రెండూ ఒకే పని. డాక్టర్ అంబేడ్కర్ మధుమేహంతో, కాళ్ల నొప్పులతో మందుల మధ్యే బుద్ధుడి మీద తన చివరి పుస్తకం పూర్తి చేశారు. శరీరం బాగైన తర్వాత రాద్దామని ఆగి ఉంటే, 1956 డిసెంబరు 6 ఆగేది కాదు.

చివరగా, ఇంట్లో రోగి ఉన్నవాళ్లకు ఒక మాట. నకులపిత అనే గృహస్థుడు తీవ్రంగా జబ్బుపడ్డాడు. భార్య నకులమాత ఆయన పక్కన కూర్చుని, ఆయన పైకి అనని భయాలను ఒక్కొక్కటే తానే అనింది. నేను లేకపోతే ఇల్లెలా గడుస్తుందని దిగులు పెట్టుకున్నావేమో, నాకు పత్తి వడకడం వచ్చు, పిల్లల్ని సాకగలను అంది. ఇంకో పెళ్లి చేసుకుంటాననుకుంటున్నావేమో, అదీ లేదు అంది. దిగులుతో పోవద్దు అంది. ఆయన కోలుకుని, కర్ర ఊతంతో బుద్ధుడి దగ్గరికి నడిచి వెళ్లాడు. అలాంటి భార్య దొరకడం నీ భాగ్యమన్నాడు బుద్ధుడు. మీ ఇంట్లో ఆయనో ఆమో "ఏం లేదు, బాగనే ఉన్న" అంటే అక్కడితో లేచిపోకండి. మడమ మీద వేలుతో నొక్కి చూడండి, గుంట పడుతోందేమో. స్ట్రిప్పులో గోలీలు లెక్కపెట్టండి, తిట్టడానికి కాదు. తర్వాత పక్కన కూర్చుని, ఏ గోలీ వేసుకున్నాక ఎలా ఉంటోందో అడగండి. వచ్చే ఓపీ రోజు ఆ మాటలు చెప్పడానికి మీరు కూడా వెంట వెళ్లండి.